ఒకే ఆయాసం, ఒకే మందు: ఫలితం వేరెందుకు?



ఉబ్బసం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. ఏటా మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాదులో వేలమంది బారులు తీరడం మీరంతా చూస్తూనే ఉన్నారు. ఊపిరి ఆడని మనిషి ఎంత దూరమైనా వెళతాడు, ఏం ఇచ్చినా మింగుతాడు. అందుకే ఈ రోజు ఒక్క ప్రశ్నే తీసుకున్నాం. స్టెరాయిడ్ మందు ఒకరికి ప్రాణం పోస్తుంది, మరొకరికి అంతగా పనిచేయదు. ఎందుకు?

మా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో కవరు నిండా స్టెరాయిడ్ బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు. ఆయాసం వచ్చినప్పుడల్లా కొడుకు మెడికల్ షాపులో చీటీ లేకుండానే తెచ్చిచ్చేవాడట. మొదట్లో ఒక బిళ్లతో తగ్గేది. తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. మొహం ఉబ్బింది, షుగరు వచ్చింది, ఆయాసం మాత్రం పోలేదు. "బలం చాలడం లేదేమో డాక్టరు గారూ, ఇంకా పెద్ద మందు రాయండి" అన్నారు.

ఆమె అడిగినది తప్పు కాదు. కానీ దానికి జవాబు చెప్పాలంటే ముందు ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో తెలియాలి.

ఉబ్బసమంటే శ్వాసనాళాల్లో వాపు. ఆ వాపు తెచ్చేది మన రక్షణ కణాలే. దుమ్ము, పుప్పొడి లాంటివి పడనివారిలో టీహెచ్2 అనే కణాలు ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయన సంకేతాలు పంపుతాయి. ఐఎల్-5 వల్ల ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరిగి శ్వాసనాళాలకు చేరతాయి. ఐఎల్-13 వల్ల కఫం ఎక్కువవుతుంది. పిల్లికూతలు మొదలవుతాయి.

స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి, వాపు పెంచే జన్యువుల పనిని ఆపుతుంది. ఇందులో దానికి హెచ్‌డీఏసీ2 అనే ఎంజైము సాయపడుతుంది. సంకేతాలు ఆగిపోతే ఇసినోఫిల్స్ త్వరగా చనిపోతాయి, వాపు దిగుతుంది. ఈ రకం ఉబ్బసానికి స్టెరాయిడ్ చక్కటి మందు.

అయితే అందరి ఉబ్బసమూ ఇలా ఉండదు. కొందరి శ్వాసనాళాల్లో న్యూట్రోఫిల్స్ అనే వేరే కణాలు ఎక్కువగా ఉంటాయి. స్టెరాయిడ్ వీటిని తొందరగా చంపదు సరికదా, వీటి ఆయుష్షు పెంచుతుంది. పొగ కూడా న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తుంది. బీడీ, సిగరెట్ తాగేవారిలో హెచ్‌డీఏసీ2 కూడా దెబ్బతింటుంది. అలాంటివారికి మోతాదు పెంచితే లాభం కొంచెం, నష్టం ఎక్కువ.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1958లో ఇంగ్లండులోని డెర్బీలో డాక్టర్ మారో బ్రౌన్ రోగుల కఫాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. కఫంలో ఇసినోఫిల్స్ ఉన్నవారికి ప్రెడ్నిసొలోన్ బాగా పనిచేసింది, లేనివారికి పనిచేయలేదు. ఆ తర్వాత ఐఎల్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇంజెక్షను వచ్చింది. కణాలు చూడకుండా రోగులకు ఇచ్చిన పరీక్షలో, 2007లో వెలువడిన ఫలితాలు నిరాశపరిచాయి. ఇసినోఫిల్స్ ఎక్కువున్నవారికే ఇచ్చి చూస్తే దాడులు తగ్గాయని 2009లో తేలింది. మందు మారలేదు, రోగిని ఎంచుకునే పద్ధతి మారింది.

ఇసినోఫిల్స్ పెరిగితే అదంతా ఉబ్బసమే అని కూడా అనుకోకూడదు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలోనే డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, డాక్టర్ బార్టన్ 1940లో ఇసినోఫిల్స్ పెరిగి క్షయలా కనిపించే ఒక జబ్బు గురించి రాశారు. తర్వాత దానికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరొచ్చింది. బోదకాలు తెచ్చే క్రిములే దానికి కారణమని తేలింది. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం చూస్తే అచ్చం ఉబ్బసమే. దాని మందు వేరు. కడుపులో పురుగులున్నా ఈ కణాలు పెరగవచ్చు.

మరి ఏం చేయాలి? రక్తపరీక్ష పెద్ద ఖర్చు కాదు. సీబీపీ, దానితోపాటు ఇసినోఫిల్ కౌంటు చాలు. మైక్రోలీటరు రక్తంలో 300 దాటితే స్టెరాయిడ్‌కు లొంగే అవకాశం ఎక్కువ. 150 కంటే తక్కువుంటే డాక్టరు మళ్లీ ఆలోచించాలి. స్టెరాయిడ్ బిళ్లలు వాడుతుండగా పరీక్ష చేస్తే లెక్క తగ్గి కనిపిస్తుంది కాబట్టి, వాడుతున్న సంగతి దాచకూడదు.

ఇంకొక మాట. "స్టెరాయిడ్ పనిచేయడం లేదు" అని వచ్చేవారిలో చాలామందికి అసలు మందు ఊపిరితిత్తులకు చేరడమే లేదు. ఇన్‌హేలర్ పట్టడం రాదు, లేదా రోజూ వాడరు. తక్షణం ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఒక్కటే వాడితే చాలదని, దానితోపాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రంజాన్ నెలలో కొందరు దాన్నీ మానేస్తారు. రోజుకు రెండుసార్లు పీల్చే మందును సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దుకోవచ్చు. డాక్టరును అడిగి సర్దుకోండి, మానకండి. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రం మందు ఆలస్యం చేయవద్దు.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాం. ఇన్‌హేలర్ ఆమె ఇంట్లోనే ఉంది, కానీ ఆమె నోటితో కాక ముక్కుతో గాలి పీల్చేవారు. వంట కట్టెల పొయ్యి మీద, గాలి ఆడని గదిలో. స్పేసరు ఇచ్చి పట్టడం నేర్పాం, కోడలు పొయ్యిని వసారాలోకి మార్చింది. బిళ్లలు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి మెల్లగా తగ్గించాం. అవి ఆగాక పరీక్ష చేస్తే ఇసినోఫిల్స్ తక్కువే ఉన్నాయి. ఆయాసం పూర్తిగా పోయిందని చెప్పం. కానీ బిళ్లలు లేకుండా రాత్రి పడుకోగలుగుతున్నారు. పెద్ద మందు రాసి ఉంటే షుగరే పెరిగేది.

దాతలారా, ఎవరికైనా మందు కొనిచ్చేటప్పుడు దయచేసి మూడు ప్రశ్నలు అడగండి. ఇన్‌హేలర్ పట్టడం చూపించారా? రక్తపరీక్ష చేయించారా? ఇంట్లో పొగ ఉందా? మీ రూపాయి వృథా కాకుండా ఉండాలంటే మందు కొనకముందే ఈ మూడూ తెలుసుకోవాలి.