తుంటి ఎముక విరిగినప్పుడు



నేను వైద్యుణ్ణి కాను, అనువాదకుణ్ణి. వృద్ధుల ఆరోగ్యంపై వచ్చిన ఒక కన్నడ కరపత్రాన్ని తెలుగు చేస్తూ ‘సొంట’ అన్న మాటకు మొదట ‘నడుము’ అని రాశాను. మరునాడు కొట్టివేసి ‘తుంటి’ అని దిద్దాను. ఆ తేడా ఎంతటిదో మా ఇంట్లోనే చూసినవాణ్ణి.

మా అవ్వ బాగేపల్లిలో స్నానాల గదిలో జారిపడింది. నడుము పట్టిందనుకుని నూనె కాచి మర్దన చేశాం. ఒకరు పుత్తూరు కట్టు అన్నారు, మరొకరు ఈ వయసులో కోత ఎందుకన్నారు. తొమ్మిది రోజులు గడిచాయి. పడిన వైపు కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉండడం అందరమూ చూశాం. తుంటి విరిగిందనడానికి అది ముఖ్యమైన గుర్తని ఎవరికీ తెలియదు. ఎముక స్థానం తప్పకుండా చిట్లితే ఆ గుర్తు కూడా కనిపించకపోవచ్చు. పడిన తరువాత గజ్జలో నొప్పితో కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించవలసిందే.

తుంటి కీలు కండరాల లోతున ఉంటుంది. పైకట్టు దానిని నిలపలేదు. తొడ ఎముక మెడభాగం విరిగితే పైనున్న గుండ్రని తలకు రక్తం అందకపోవచ్చు. అందువల్ల వృద్ధులలో తరచుగా ఆ తలను తీసి లోహపు తలను అమరుస్తారు. మెడకు దిగువన విరిగితే లోహపు కడ్డీతోనో మరమేకులతోనో బిగిస్తారు. ఏది చేసినా రోగిని వీలైతే మరునాడే లేపి నిలబెట్టడం కోసమే. మంచంలోనే ఉంచితే ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి. ఆపరేషనుకు భయపడే మనం మంచానికి ఎందుకో భయపడము!

శస్త్రచికిత్స సాధ్యమైనంతవరకు రెండు రోజులలోపు జరగాలంటారు వైద్యులు. మా అవ్వకు పదోరోజున జరిగింది. అప్పటికే నిమ్ము చేరింది. ప్రాణం దక్కింది గాని, మళ్లీ కర్ర లేకుండా నడవలేదు.

చిక్కబళ్లాపురంలో గాని, చింతామణిలో గాని పెద్దవారు పడి లేవలేకపోతే బలవంతంగా నిలబెట్టకండి. కాలు కదలనీయక పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బెంగళూరుకు పంపవలసి వస్తే జయనగరలో సంజయ్ గాంధీ ఆర్థోపెడిక్ సంస్థ ఉంది, అది ప్రభుత్వానిదే. కర్ణాటక బిపిఎల్ కార్డున్న కుటుంబానికి ‘ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక’ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన మనలో కొందరు ఇక్కడి కార్డు సంగతి వాయిదా వేస్తూనే ఉంటారు. ఆ పని ముందే చూసుకోండి.

వాడుతున్న మందుల చీటీ వెంట ఉండాలి. రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందుగానే చెప్పండి. ఇంటికి వచ్చాక నడక వ్యాయామం మానిపించకండి; రెండో తుంటి కూడా విరగకుండా ఎముకల బలానికి మందు కావాలేమో అడగండి. ఇక వైద్యుని ముందు మాట తడబడితే నడుమనీ సొంటనీ వెతుక్కోవద్దు, నొప్పి ఉన్న చోటును చేత్తో చూపించండి.