కొలిమిలో పుట్టే పగులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నా వృత్తి గురించి మాట్లాడమన్నారు. నాది వెల్డింగ్. బడి గేటు అతికే వెల్డింగ్ కాదు, జెట్ ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రలోహాలను అతికే పని. ఆ లోహాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన చార్మినార్ నుంచి కాస్త దూరంలో, కంచన్‌బాగ్‌లో 1973లో మొదలైన మిధాని వాటిని తయారుచేస్తుంది.

గుల్జార్ హౌజ్ దగ్గర వెండిపని చూస్తూ పెరిగాం కదా! సుత్తిదెబ్బలకు వెండి బిరుసెక్కితే కాల్చి మెత్తబరుస్తారు. మా లోహానిది తిరకాసు. 718 అనే రకాన్ని 980 డిగ్రీల దగ్గర కాలిస్తే మెత్తబడుతుంది. 720 దగ్గర గంటలకొద్దీ ఉంచితే గట్టిపడుతుంది. లోపల కంటికి కనపడని రేణువులు పుట్టి లోహాన్ని బిగిస్తాయి.

అతికినచోట లోహం చల్లారుతూ కుంచించుకుంటుంది, లోపల లాగుడు మిగులుతుంది. మళ్లీ వేడిచేసినప్పుడు ఆ లాగుడు సడలేలోపే రేణువులు పుట్టాయా, లోహం సాగలేక అతుకు పక్కన పగులుతుంది. 718లో నియోబియం వల్ల రేణువులు నింపాదిగా పుడతాయి, సడలడానికి వ్యవధి దొరుకుతుంది. అల్యూమినియం, టైటానియం ఎక్కువున్న వాస్పలాయ్ అంత వ్యవధి ఇవ్వదు.

ఒక వర్క్‌షాప్‌లో (పేరెందుకులెండి) వాస్పలాయ్ రింగు పగిలితే నన్ను పిలిచారు. కుర్రాడి చెయ్యి వణికిందని అప్పటికే జీతం కోత రాసేశారు. పరీక్ష కాగితాలు తెప్పించాను. వెల్డింగ్ అయిన రోజు రంగుద్రవం పరీక్షలో ఒక్క గీత లేదు. కొలిమి నుంచి బయటికొచ్చాకే పగులు! ముందే గట్టిపరిచిన రింగును అలాగే అతికించి, తర్వాత మెల్లమెల్లగా వేడెక్కించారు. ఆ రెండూ కుర్రాడి నిర్ణయాలు కావు. కోత రద్దయింది. రింగు మాత్రం తుక్కుకే పోయింది.

ముందు మెత్తబరచాలి, తర్వాత అతకాలి. ఉక్కుకు చేసినట్టు ముందుగా వేడెక్కించడం వద్దు, తక్కువ వేడితో సన్నటి వరుసలు వేయాలి. మళ్లీ మెత్తబరిచేటప్పుడు, రేణువులు పుట్టే మధ్య వేడిని కొలిమి వీలైనంత త్వరగా దాటాలి. గట్టిపరచడం చిట్టచివర. నూనెలోని గంధకం కూడా ఈ లోహాన్ని పగలగొడుతుంది కాబట్టి, మా షెడ్డులో గ్రీజు చేతులతో రింగును ముట్టనివ్వం.

భోజనాలకు పిలుస్తున్నారు. సెలవు.