మా ట్రాలీ బ్రేకులు – మేము చేసిన తీర్మానం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



లాభాల గురించి చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము మాత్రం ఒక ఖర్చు గురించి చెప్తాము.

మా సంఘంలో పది మందిమి ఉన్నాము. బ్యాంకు లోనుతో ట్రాలీ ఆటో తీసుకున్నాము. ఊరి కూరగాయలు తెల్లారేసరికి రైతుబజారుకు చేరుస్తాము. బండి నడిపేది మా సభ్యురాలే, లైసెన్సు కూడా ఉంది.

వానాకాలం ముందు ఆ చెల్లె మీటింగులో చెప్పింది. "బ్రేకు తొక్కితే వెనుక చక్రంల గీరిన చప్పుడు వస్తున్నది. హ్యాండ్ బ్రేకు పైదాకా గుంజినా ఆగుతలేదు" అన్నది. "బ్రేకు పడుతున్నది కదా, కిస్తీ కట్టినంక చూద్దాం" అన్నాము. మినిట్స్ పుస్తకంలో కూడా రాయలేదు.

తరువాత ఒకరోజు మాలో ఇద్దరం సరుకు ఎక్కించడానికి పోయాము. చెరువు కట్ట దిగుడు దగ్గర బండి ఆపి, ఆమె సీటు కింద నుంచి రాయి తీసి చక్రం కింద పెట్టింది. "ఎన్ని రోజుల సంది?" అని అడిగితే "నెల దాటింది" అన్నది. మాకు నోట మాట రాలేదు.

అదే రోజు మెకానిక్ దగ్గర వెనుక డ్రమ్ములు రెండూ విప్పించి, మా కళ్లతో చూశాము. బ్రేకు షూల మీద లైనింగు అరిగి, రివెట్ల తలలు బయటికి వచ్చాయి. అవే ఎడమ డ్రమ్మును గీరి, గోరు దిగేంత గాడి చేశాయి. ఆ పక్క వీల్ సిలిండరు కారి లైనింగు నూనెతో తడిసింది.

సాయంత్రం మీటింగు పెట్టాము. "ఎడమ పక్క షూలు ఒక్కటే వేద్దాం" అని ఒకరు, "పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దితే సీజను గడుస్తది" అని ఇంకొకరు అన్నారు. అప్పుడు ఆ చెల్లె, "మీరు చప్పుడు లెక్కపెడుతున్నరు, నేను దిగుడు లెక్కపెడుతున్న" అన్నది. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

మెకానిక్‌ను అడిగి ఒక్కొక్కటే తేల్చుకున్నాము. నూనె పీల్చిన లైనింగు కడిగినా పట్టు రాదు. ఒక పక్కే కొత్తవి వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అందుకని రెండు పక్కలా షూలు, రెండు సిలిండర్లు మార్చాము. ఎడమ డ్రమ్ము లేతు పట్టినా కొలత దాటిపోతుందన్నారు, కొత్తది వేశాము. కుడి డ్రమ్ము నున్నగానే ఉంది, దాన్ని మార్చలేదు. భయపడి అన్నీ మార్చలేదు, పైసలు చూసి ఏదీ ఆపలేదు. షూలు 900, సిలిండర్లు 700, డ్రమ్ము 1,000, బ్రేకు ఆయిలు 150, కూలి 700, మొత్తం 3,450 రూపాయలు. ఆ నెల కిస్తీకి తక్కువ పడితే తలా కొంత వేసుకుని గడువులోనే కట్టాము. కొత్త షూలు డ్రమ్ముకు కుదురుకునేదాకా మొదటి రెండు రోజులు సగం లోడే వేశాము.

అక్కలారా, మేము బ్రేకు షూల కోసం ఆలస్యం చేయలేదు. నడిపే మనిషి మాట వినకుండా ఆలస్యం చేశాము. ఇప్పుడు మూడు తీర్మానాలు రాసుకున్నాము. నెలకు 500 రూపాయలు బండి రిపేరు కింద వేరే పెట్టాలి. డ్రైవరు చెప్పిన ప్రతి మాట అదే రోజు మినిట్స్‌లో ఎక్కాలి. బ్రేకు బాగలేదని డ్రైవరు అంటే, చూపించేదాకా బండి కదలకూడదు.

సమాఖ్యలో బండ్లు, మిషన్లు ఉన్న సంఘాలన్నీ ఇట్లనే రాసుకోవాలని మా మనవి. ఆ రాయి ఇప్పుడు మా మీటింగు గదిలో తలుపుకు అడ్డం పెట్టాము. దాన్ని చూసుకుంటూనే కూర్చుంటున్నాము.