ఆ చివరి బౌండరీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలోనే చదివి, ఈ బడిలోనే డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒక ఆటగాడి గురించి చెబుతాను.

1971 ఆగస్టు 24. నేను తొమ్మిదో తరగతి. సెంటర్లో టీ హోటల్ రేడియో చుట్టూ మూగాం. ఓవల్ మైదానంలో మనవాళ్లు గెలవాలంటే 173 కావాలి. 170 దగ్గర విశ్వనాథ్ అవుటయ్యాడు. అప్పుడు దిగిన మన హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ బంతిని బౌండరీకి కొట్టాడు. ఇంగ్లండు గడ్డ మీద మనకు అదే మొదటి టెస్టు గెలుపు, మొదటి సిరీస్ కూడా. రేడియోలో ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆ కేకలు అర్థమయ్యాయి.

ఆయన మొదట సెలక్టర్ల కంట్లో పడింది 1956లో, హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు. అదీ ఫీల్డింగ్ చూసి. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ జట్టులో వికెట్ కీపర్‌గా మొదలుపెట్టి, బౌలరయ్యాడు. 1967లో అడిలైడ్‌లో ఆడిన మొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఓపెనింగ్‌కు పంపితే అదే సిరీస్‌లో సిడ్నీలో 78, 81 కొట్టాడు. 1971లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ మీద మనం తొలిసారి టెస్టు గెలిచినప్పుడు గవాస్కర్‌కు అవతలి ఎండ్‌లో నిలబడింది ఆయనే. ఆ సిరీస్ చివరి టెస్టులో కన్హాయ్‌ని, సోబర్స్‌ని వరుస బంతుల్లో బౌల్డ్ చేశాడు. 1975 మొదటి ప్రపంచ కప్పులో న్యూజిలాండ్ మీద 70 కొట్టాడు.

మొత్తం 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు. ఒక్క సెంచరీ లేదు. పుస్తకం తిరగేస్తే గొప్పగా ఏమీ కనిపించదు. కానీ ఓపెనింగ్ చేయమంటే చేశాడు, కొత్త బంతి ఇస్తే వేశాడు, బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా నిలబడమంటే నిలబడ్డాడు.

ఇదంతా తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. మాస్టారుగా ఉన్న రోజుల్లో జిల్లా పోటీలకు జట్టును ఎంపిక చేస్తున్నాను. ఒక అబ్బాయి ఉండేవాడు. కీపర్ వేలికి దెబ్బ తగిలితే గ్లౌజులు తొడుక్కునేవాడు. ఓపెనర్ రాకపోతే తనే దిగేవాడు. ఎదురుగాలికి ఎవరూ బౌలింగ్ వేయనంటే తను వేసేవాడు. నేను స్కోరు పుస్తకం తీశాను. యాభై లేదు, ఒక మ్యాచ్‌లో మూడు వికెట్లూ లేవు. పేరు కొట్టేశాను. వాడు ఏమీ అడగలేదు. కిట్టు బ్యాగు గదిలో పెట్టి, తాళం చెవి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి గ్రౌండుకి రాలేదు. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.

2025 మార్చి 12న ఆబిద్ అలీ కాలిఫోర్నియాలో కన్నుమూశారు. పేపర్లో ఆ లెక్కలు మళ్లీ చదువుతుంటే ఆ అబ్బాయే గుర్తొచ్చాడు.

అతను ఇవాళ ఇక్కడే ఉన్నాడు. రెండు రోజులుగా ఈ షామియానా, కుర్చీలు, భోజనాలు చూస్తున్నది అతనే. పేరు చెబితే ఇబ్బంది పడతాడు. బాబూ, ఆ రోజు నేను నీ ఆట చూడలేదు, అంకెలే చూశాను. తప్పు నాది. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించు.

సంఘం పెద్దలకు ఒక మనవి. ఏటా ఉత్తమ బ్యాట్స్‌మన్‌కు, బౌలర్‌కు కప్పు ఇస్తున్నాం. ఈ ఏడాది నుంచి ఉత్తమ ఫీల్డర్‌కు కూడా ఇద్దాం. ఖర్చు నాది. ఎవరికివ్వాలో మాత్రం నన్ను అడగొద్దు, పిల్లలనే అడగండి. వాళ్లకు తెలుసు.