ఊరి వెలుపల ఇల్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాతబస్తీ ఇరుకు గదుల్లో సర్దుకున్నవాళ్లం మనం. 2008లో శంషాబాదుకు విమానాశ్రయము, తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, అటు కొత్త ఇళ్లపై మనసు పడుతున్నాము. తప్పు లేదు.

అయితే బయానా ఇచ్చేముందు ముప్పయ్యేళ్ల ఇ.సి. తీయించండి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, వక్ఫు గెజెటులో ఉన్నదేమో చూడండి. వక్ఫు అయితే అది అల్లాహ్ పేర విడిచిన సొత్తు. మన కాగితము నిలువదు. పెద్ద వెంచరు 2016 నాటి రెరా చట్టం క్రింద నమోదై ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టరు కానిదే పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదని ఆ చట్టమే చెప్తున్నది.

ఇంకొక మాట. మేము ఇల్లు మారేటప్పుడు గదులు లెక్కపెట్టాము గానీ, మసీదు ఎంత దూరమో లెక్కపెట్టలేదు. ఐదు పూటలా జమాతుకు నడిచి వెళ్లిన అబ్బాజాన్, ఆ పెద్ద ఇంట్లో ఒంటరిగా నమాజు చేసుకున్నారు. మొదటి రంజానులో ఇఫ్తారుకు పిలవడానికి పొరుగే లేదు.

కనుక నాలుగు కుటుంబాలు కలిసి ఒకేచోట కొనండి. మసీదు, బడి, ఖబరస్తాన్ చూసుకున్నాకే గదులు చూడండి. అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.