నడివయసులో మగవారి అలసట

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ మగవారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. "ఆడవాళ్ళ కార్యక్రమంలో వాళ్ళ గొడవ ఎందుకమ్మా?" అనుకోకండి. నడివయసులో మనకు వచ్చే మార్పుల గురించి చెప్పడానికి అమ్మో, అక్కో, పక్కింటావిడో ఉంటారు. మగవారికి ఎవరున్నారు చెప్పండి? నలుగురూ కూడితే ధరలు మాట్లాడుకుంటారు, రాజకీయాలు మాట్లాడుకుంటారు. ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పుకోరు.

మా ఇంటి సంగతే చెబుతాను. మాది శాలిబండ. మావారు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. ఒకప్పుడు రాత్రి దుకాణం కట్టేశాక చార్మినార్ మీదుగా నడిచే ఇంటికి వచ్చేవారు. నలభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి ఆటో దిగడం, చెప్పులు విప్పడం, పడుకోవడం. చీటికీ మాటికీ విసుగు. పొట్ట ముందుకొచ్చింది, గురక పెరిగింది. చివరకు చాప, దిండు తీసుకుని ముందుగదిలోకి మారిపోయారు. నేనేమనుకున్నానో తెలుసా? నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను? లోలోపలే కుమిలిపోయాను.

ఒకనాడు బీరువా సర్దుతుంటే బట్టల వెనక ఒక పొడి డబ్బా కనబడింది. పోయిన యౌవనం తిరిగి వస్తుందని దాని మీద రాసి ఉంది. అప్పుడర్థమైంది, ఆయనా నాలాగే లోలోపల కుమిలిపోతున్నారని. పక్కింటి ఆపాతో మెల్లగా అంటే, "కోప్పడకు. దవాఖానాకు తీసుకుపో" అన్నది. ఆ మాటే మా ఇల్లు నిలబెట్టింది.

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పిన సంగతులూ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ మీకు చెబుతాను. మగవారి శరీరంలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఉంటుంది. గడ్డం, మీసం, కండబలం, ఎముకల గట్టిదనం, రక్తంలో ఎర్రకణాలు, కోరిక, వీటన్నిటిలోనూ దాని పాత్ర ఉంది. కొద్దిగా మన ఒంట్లోనూ ఉంటుంది సుమా! మనకు ముట్లు ఆగినట్టు అది మగవారిలో ఒక్కసారిగా ఆగిపోదు. ముప్ఫై, నలభై దాటాక ఏడాదికి సుమారు నూటికి ఒక వంతు చొప్పున మెల్లమెల్లగా తగ్గుతుంది. చాలామందికి ఆ తగ్గుదల తెలియను కూడా తెలియదు.

మరి ఈ అలసట అంతా ఆ హార్మోను లోపమేనా? కాదు. యూరప్‌లో 8 దేశాల్లో 40 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉన్న 3,369 మంది మగవారిని పరీక్షించారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, లక్షణాలూ, హార్మోను తక్కువా రెండూ కలిసి నిజమైన లోపం అని తేలినవారు నూటికి ఇద్దరే. చక్కెర జబ్బు, పెద్ద పొట్ట, సరిలేని నిద్ర, తాగుడు, దిగులు, ఇవన్నీ అవే లక్షణాలు చూపిస్తాయి. పైగా హార్మోనునూ తగ్గిస్తాయి. పొట్టలోని కొవ్వు ఈ హార్మోనులో కొంత భాగాన్ని ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి నిద్ర ఉండదు. ఇక ఒంట్లో సత్తువ ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకొక ముఖ్యమైన సంగతి. దాంపత్యంలో మగవారికి వచ్చే ఇబ్బంది ఒక్కోసారి గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక. సన్నని రక్తనాళాలు ముందు పూడుకుంటాయి, పెద్దవి తరువాత. అందుకని సిగ్గుపడి దాచిపెడితే ప్రాణం మీదకు రావచ్చు.

పరీక్ష సులువే. ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. కనుక పొద్దున్నే, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువని వస్తే మరో రోజు మళ్ళీ చూడాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాములకంటే రెండుసార్లూ తగ్గి, లక్షణాలూ ఉంటేనే చాలామంది డాక్టర్లు లోపం అంటారు. అదే రోజు చక్కెర, కొలెస్టరాలు, రక్తపోటు కూడా చూపించండి. మావారికి హార్మోను సరిగానే ఉంది. చక్కెర మాత్రం బాగా పెరిగిపోయి ఉంది! ఆ డబ్బానే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

యౌవనం అమ్మేవాళ్ళు ఇప్పుడు కొత్తగా పుట్టలేదు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన పండితుడు, 72 ఏళ్ళ వయసులో, జంతువుల వృషణాల రసం సూదితో ఎక్కించుకుని పడుచువాణ్ణయ్యానని ప్రకటించాడు. ఆ రసంలో హార్మోను దాదాపు లేనేలేదని, అదంతా నమ్మకం మహిమేనని తరువాత తేలింది. అసలు హార్మోనును విడదీసింది, ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. ఈనాటి పొడుల్లో కొన్నింటిలో చెప్పకుండా ఇంగ్లీషు మందులు కలుపుతున్నట్టు పరీక్షల్లో బయటపడింది. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవారు అలాంటిది తింటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. హకీం గారైనా, డాక్టరు గారైనా మనిషిని చూసి ఇచ్చే మందు వేరు, గోడమీద ప్రకటన చూసి కొనేది వేరు.

హార్మోను సూదులు కూడా ఊరికే వేయించుకునేవి కావు. బయటినుంచి వస్తుంటే శరీరం తన సొంత తయారీ మానేస్తుంది, బీజకణాలు తగ్గిపోతాయి, రక్తం చిక్కబడవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! నిజంగా లోపం ఉన్నవారికి మాత్రం, డాక్టరు కనిపెట్టి చూస్తుంటే, మేలు చేస్తాయి.

ఇక మన చేతిలో ఉన్నది చూద్దాం. రాత్రి అన్నం కాస్త తగ్గించి కూర, పప్పు పెంచండి. మిర్చి బజ్జీలు వారానికోసారి చాలు. పొద్దున కాసేపు ఇద్దరూ కలిసి నడవండి. గురక ఉంటే డాక్టరుకు చెప్పండి. "మీకు ముసలితనం వచ్చింది" అని మాత్రం, నవ్వులకైనా అనకండి. ఆ మాట సూదికంటే లోతుగా దిగుతుంది.

ఇప్పుడు మేమిద్దరం పొద్దున్నే శాలిబండ గడియారం దాకా నడిచి వస్తాం. ఆయన చక్కెర అదుపులోకి వచ్చింది, విసుగు తగ్గింది. చాప మళ్ళీ అటక ఎక్కింది. మీ ఇంట్లోనూ ఎవరైనా మౌనంగా ముందుగదిలోకి మారిపోయి ఉంటే, అలగకండి. పక్కన కూర్చుని, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని ఒక్కమాట అడగండి.