ఒక డచ్చి పల్లెటూరు - దాని ఫుట్‌బాల్ సంఘం

ఫుట్‌బాల్ ఆట అనగానే మనకు మహానగరాలు, వేలాది ప్రేక్షకులు పట్టే క్రీడారంగాలు, కోట్ల వెలకు చేతులు మారే ఆటగాళ్లు జ్ఞప్తికి వస్తారు. ఈనాడు నేను ముచ్చటించబోయే సంఘం అటువంటిది కాదు. అది హాలెండు దేశంలో ఒక బెస్తపల్లెకు చెందినది. పగలంతా ఎవరి వృత్తి వారు చేసుకొని, సాయంకాలం బూట్లు తొడుక్కొని మైదానంలోకి దిగినవారి సంఘం అది. అయినప్పటికీ ఆ దేశ క్రీడాచరిత్రలో దానికి ఒక గౌరవస్థానం ఉన్నది. అంతకంటె విశేషమేమంటే, పై అంతస్తుకు పోయే తలుపు తెరచి ఉన్న సమయంలో ఆ సంఘం లోపలికి అడుగు పెట్టక, తన ఊరిలో తాను నిలిచిపోయినది. అలా ఎందుకు నిలిచిపోయినదో తెలియాలంటే ఆ ఊరి కథ కొంత తెలియాలి.

ఊరి పేరు స్పాకెన్‌బర్గ్. ఉట్రెఖ్ట్ రాష్ట్రంలో, బున్స్‌కోటెన్ అనే పొరుగూరితో కలసిపోయి ఉన్నది. రెండూ కలిపి జనసంఖ్య నేడు ఇరవై వేలు దాటినది. ఒకప్పుడు స్పాకెన్‌బర్గ్ సముద్రతీరపు పల్లె. ఉత్తర సముద్రం భూభాగంలోకి చొచ్చుకొని వచ్చి ఏర్పడిన ఒక పెద్ద ఉప్పునీటి అఖాతం ఆ ఊరి ముంగిట ఉండేది. దానిని జైడర్‌జీ అనేవారు. దక్షిణ సముద్రమని అర్థం. అడుగు బల్లపరుపుగా ఉండే బాటర్ అనే కొయ్యపడవలలో జాలరులు వేటకు పోయి, హెర్రింగు చేపలను, నెత్తళ్లను పట్టి తెచ్చేవారు. ఆదివారం మాత్రం పడవలు రేవులోనే ఉండేవి. ఆ ఊరివారు ప్రొటెస్టెంటు క్రైస్తవులలో నియమనిష్ఠలు గట్టిగా పాటించే శాఖలకు చెందినవారు. ఆదివారం ప్రార్థనకు, విశ్రాంతికి మాత్రమే. ఈ ఒక్క నియమం ఆ ఊరి ఫుట్‌బాల్ చరిత్రను ఎట్లా తీర్చిదిద్దినదో ముందు ముందు చూడగలరు.

సముద్రం అన్నం పెట్టినది. సముద్రమే అప్పుడప్పుడు ఇల్లు కూల్చినది. 1916 జనవరి 13వ తేదీ రాత్రి తుపానుగాలికి జైడర్‌జీ పొంగి, తీరపు కట్టలను తెంచి ఊళ్లను ముంచివేసినది. స్పాకెన్‌బర్గ్‌లో ఇండ్లు కూలినవి. పడవలు కట్టల మీదికి విసరివేయబడినవి. కార్నెలిస్ లెలీ అనే ఇంజనీరు ఏనాటినుండో చెబుతున్న ఒక పథకాన్ని ఈ వరద తరువాత ప్రభుత్వం చేపట్టినది. 1918లో దానికి శాసనం వచ్చినది. అఖాతం మూతికి అడ్డంగా 32 కిలోమీటర్ల పొడవున కట్ట వేసి, సముద్రాన్ని బయటనే నిలిపివేయడం ఆ పథకం. 1932 మే 28వ తేదీన ఆ కట్టలో చివరి గండి పూడినది. అప్పటినుండి జైడర్‌జీ సముద్రం కాదు. ఐసెల్‌మేర్ అనే సరస్సు. కొన్ని సంవత్సరాలలోనే నీరు తియ్యబడినది. హెర్రింగులు, నెత్తళ్లు కనుమరుగైనవి. ఈ ఆపద ముందే ఊహించి, జాలరులకు సహాయం చేయడానికి 1925లోనే ఒక చట్టం చేసినారు. కాని సహాయధనం వేరు, తాతల నాటి వృత్తి వేరు. వరద భయం తీరినది, దానితోపాటు బ్రతుకుతెరువు కూడా తీరినది.

గండి పూడిన నాలుగు రోజులకు, 1932 జూన్ 1వ తేదీన, స్పాకెన్‌బర్గ్‌లో ఒక ఫుట్‌బాల్ సంఘం పుట్టినది. దానినే నేడు ఐసెల్‌మేర్‌ఫోగెల్స్ అంటారు. ఐసెల్‌మేర్ పక్షులు అని ఆ పేరుకు అర్థం. సముద్రం పోయినందువల్లనే సంఘం పుట్టినదని నేను చెప్పడం లేదు. ఆ ఊరిలో అంతకుముందే ఆట ఉన్నది. 1931 ఆగస్టు 15వ తేదీన పుట్టిన మరొక సంఘం కూడా ఉన్నది. అది ఊరి పేరే పెట్టుకొన్న స్పాకెన్‌బర్గ్ సంఘం. కాని ఒక ఊరు తన పాత బ్రతుకును కోల్పోతున్న సంవత్సరాలలోనే ఈ రెండు సంఘాలూ పుట్టి పెరిగినవన్న సంగతి మరచిపోరాదు.

ఇక ఈ ఆట ఆ దేశానికి ఎట్లా వచ్చినదో రెండు మాటలు. 1879లో హార్లెమ్ పట్టణంలో పిమ్ మ్యూలియర్ అనే పద్నాలుగేండ్ల బాలుడు తన స్నేహితులను కూడగట్టి ఒక సంఘం స్థాపించినాడు. పదేండ్ల తరువాత, 1889లో, జాతీయ సంఘం వెలసినది. మొదట అది కలిగిన ఇంటి బిడ్డల వినోదం. 1919లో వచ్చిన కార్మికచట్టం పనిదినాన్ని ఎనిమిది గంటలకు తగ్గించి, శనివారం మధ్యాహ్నం సెలవు ఇచ్చినది. కూలివాడికీ ఒక పూట తీరిక దొరకడంతో ఆట ఊరూరా వ్యాపించినది.

అయితే ఆ కాలపు డచ్చి సమాజంలో ఒక విచిత్రం ఉన్నది. కాథలిక్కులకు, ప్రొటెస్టెంటులకు, సామ్యవాదులకు ఎవరి పాఠశాలలు వారివి, ఎవరి పత్రికలు వారివి. చివరకు రేడియో కూడా ఎవరిది వారిదే. 1924, 1925 సంవత్సరాలలో ఈ మూడు వర్గాలకూ మూడు ప్రసారసంస్థలు ఏర్పడినవి. ఫుట్‌బాల్ సంఘాలకూ ఇదే గతి. 1940లో, జర్మనుల ఆక్రమణ కాలంలో, వీటన్నిటిని ఒకే గొడుగు క్రిందికి తెచ్చినారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా ఆ ఐక్యం నిలిచినది. కాని ఒక గీత మాత్రం చెరగలేదు. ఆదివారం ఆడేవారు వేరు, శనివారం ఆడేవారు వేరు. స్పాకెన్‌బర్గ్ సంఘాలు రెండూ శనివారపు సంఘాలే.

ఒకే ఊరిలో, ఒకే శాఖవారిలో, రెండు సంఘాలు ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. ఊరన్న తరువాత రెండు పక్షాలు ఉండవలసినదే గదా! ఐసెల్‌మేర్‌ఫోగెల్స్ వారిది ఎఱుపు రంగు. స్పాకెన్‌బర్గ్ వారిది నీలి రంగు. తండ్రి ఎఱుపయితే కొడుకూ ఎఱుపే. ఇల్లు మారినంత తేలికగా రంగు మారరు. రెండు సంఘాల మైదానాలూ వెస్ట్‌మాట్ అనే ఒకే క్రీడావనంలో, ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఈ రెండు జట్లు తలపడిననాడు ఊరు ఊరంతా అక్కడనే. ఆ దేశంలోని ఔత్సాహిక ఫుట్‌బాల్‌లో దీనిని మించిన పోటీ లేదని ప్రసిద్ధి. ఒకే ఇంట్లో ఇరుపక్షాల వారూ ఉంటే, ఆ పూట భోజనాల దగ్గర మాటలు కొంచెం తగ్గుతవి. మరునాడు ఆదివారం ప్రార్థనామందిరంలో అందరూ ఒకే బల్లమీద కూర్చోవలసినవారే.

ఇట్లా ఉండగా, 1953 ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశపు నైరుతి తీరం మీద సముద్రం విరుచుకుపడినది. 1,836 మంది చనిపోయినారు. ఆ కాలంలో డచ్చి జాతీయ సంఘం డబ్బు పుచ్చుకొని ఆడడాన్ని అంగీకరించేది కాదు. జీతానికి ఆడదలచినవారు పరదేశాలకు పోవలసి వచ్చేది. అట్లా పోయిన ఆటగాళ్లు మార్చి 12వ తేదీన పారిస్ నగరంలో ఒక్కటిగా చేరి, వరదబాధితుల సహాయార్థం ఫ్రాన్సు జట్టుతో ఆడి, 2-1 తేడాతో గెలిచినారు. జీతగాళ్లని తోసివేసినవారే తమ కష్టకాలంలో ఆదుకొనేసరికి, దేశప్రజల మనస్సు మారినది. మరుసటి సంవత్సరం, 1954లో, జీతానికి ఆడడం చట్టబద్ధమైనది. నాటినుండి ఒక వైపు వృత్తి ఆటగాళ్ల సంఘాలు, రెండవ వైపు ఔత్సాహిక సంఘాలు. స్పాకెన్‌బర్గ్ వారు రెండవ వైపుననే ఉండిపోయినారు.

ఔత్సాహిక సంఘమంటే పనికిమాలిన ఆట అని అర్థం కాదు. 1974లో హాలెండు జాతీయజట్టు ప్రపంచపోటీల తుదివరకు పోయి, పశ్చిమ జర్మనీ చేతిలో ఓడినది. దేశమంతా ఫుట్‌బాల్ మైకంలో ఉన్న ఆ తరుణంలో, జాతీయ కప్పు పోటీలలో ఐసెల్‌మేర్‌ఫోగెల్స్ జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, 1975లో ఉపాంత్యదశ వరకు చేరినది. అక్కడ ట్వెంటె సంఘం వారు దానిని ఓడించినారు. అయితేనేమి? ఆ సంవత్సరం దేశమంతటిలో ఉత్తమ క్రీడాజట్టుగా ఎన్నికైనది ఈ పల్లెటూరి జట్టే!

జట్టు విజయాలు పత్రికలకు ఎక్కుతవి. సంఘాన్ని నిలిపే పని పత్రికలకు ఎక్కదు. శనివారం ఉదయం మొదట మైదానంలోకి వచ్చేవారు ఆరేడేండ్ల పిల్లలు. వారి తరువాత కొంచెం పెద్దపిల్లలు, ఆ తరువాత యువకులు, మధ్యాహ్నానికి మొదటి జట్టు. పిల్లలను పొరుగూళ్ల ఆటలకు తీసుకొనిపోయేది తల్లిదండ్రులు. గీతలు గీసేవారు, చొక్కాలు ఉతికేవారు, ఫలహారశాలలో కాఫీ పోసేవారు, చందాలు వసూలు చేసి లెక్క వ్రాసేవారు, వీరిలో చాలామంది ఒక కాసు పుచ్చుకోరు. హాలెండు దేశంలో వేలకొలది గ్రామసంఘాలు ఈ విధంగానే నడుస్తున్నవి. ఒక తరం ఆడి, వయస్సు మళ్లగానే వెనుకకు తగ్గి, తరువాతి తరానికి బంతి అందిస్తుంది. ఒకనాడు గోలు కొట్టినవాడు మరొకనాడు వలకు పడిన చిల్లులు కుడతాడు. వల బాగుచేయడం జాలరి పల్లెకు తెలియని విద్య కాదు గదా!

ఇప్పుడు మొదట చెప్పిన తలుపు సంగతికి వస్తాను. 2010లో ఔత్సాహిక సంఘాలకు ఒక కొత్త ఉన్నతశ్రేణి ఏర్పడినది. అందులో గెలిచినవారు కోరుకొంటే వృత్తి ఆటగాళ్ల శ్రేణిలోకి పోవచ్చును. ఆ మొదటి సంవత్సరమే, 2011లో, ఐసెల్‌మేర్‌ఫోగెల్స్ శనివారపు విభాగంలో ప్రథమస్థానం పొందినది. ఆదివారపు విజేతను కూడా గెలిచినది. కాని పైశ్రేణికి పోలేదు. ఓడిన ఓస్ పట్టణపు సంఘమే ఆ స్థానం తీసుకొన్నది.

ఇది పిరికితనమా, వివేకమా? పైశ్రేణిలో ఆటరోజు మన ఇష్టం కాదు. ఆటగాడికి జీతం ఇవ్వాలి. జీతానికి ధనం కావాలి. ధనం పెట్టినవాడి మాట చెల్లుతుంది. అన్నిటికీ మించి, ప్రక్క మైదానంలోని నీలి చొక్కాలవారితో ఆడే ఆ ఒక్క పోటీ ఉండదు. ఆ పోటీ లేని ఎఱుపురంగుకు అర్థమేమి?

ఈ చిత్రానికి రెండవ ప్రక్క కూడా చెప్పడం ధర్మం. ఔత్సాహిక జట్లలో పైస్థాయివారికి నేడు కొంత ప్రతిఫలం ముడుతున్నది. మొదటి జట్లలో ఇరుగుపొరుగు పట్టణాలనుండి వచ్చిన ఆటగాళ్లు ఉన్నారు. ఆదివారం ఆడే సంఘాలు అనేకం ఇటీవల శనివారానికి మారినవి. ఆ మార్పుకు కారణం భక్తి అనలేము, కుటుంబానికి ఆదివారం తీరిక కావలెనన్న కోరిక అందులో ఉన్నది. కాబట్టి పాతకాలపు పల్లె చెక్కుచెదరకుండా ఉన్నదని ఎవరూ అనరాదు.

అయినా ఊరి పట్టుదల తగ్గలేదని 2023లో ఋజువైనది. ఈసారి వంతు నీలి చొక్కాలవారిది. దేశంలో మూడవ శ్రేణిలో ఆడుతున్న స్పాకెన్‌బర్గ్ సంఘం జాతీయ కప్పు పోటీలలో గ్రోనింగెన్ జట్టును దాని సొంత మైదానంలోనే 3-2 తేడాతో ఓడించినది. ఉట్రెఖ్ట్ నగరానికి పోయి, ఆ రాష్ట్ర రాజధాని జట్టును 4-1 తేడాతో చిత్తుచేసినది. ఉపాంత్యదశలో ఐంధోవెన్ నగరపు పి.ఎస్.వి. జట్టు ఈ పల్లెకే వచ్చి ఆడవలసి వచ్చినది. స్పాకెన్‌బర్గ్ 2-1 తేడాతో ఓడినది. ఆ సంవత్సరం కప్పు గెలిచినది పి.ఎస్.వి. వారే. నలభై ఎనిమిది సంవత్సరాల క్రితం ఎఱుపువారు చేరిన మెట్టుకు నీలివారు కూడా చేరినారు. ఊరిలో లెక్క సరిపోయినది.

నేడు స్పాకెన్‌బర్గ్ రేవులో పాత బాటర్ పడవలు బాగుచేయబడి, వరుసగా కట్టి ఉన్నవి. వేటకు పోవు, చూడవచ్చే వారికోసం ఉన్నవి. చేపల వర్తకం మాత్రం ఊరిలో సాగుతూనే ఉన్నది. 1968లో ఎదుటి నీటిని తోడివేసి కొత్త భూమిని వెలికి తీసినందువల్ల, ఐసెల్‌మేర్ సరస్సు కూడా ఇప్పుడు ఊరి ముందర లేదు. మిగిలినది ఏమ్‌మేర్ అనే సన్నని నీటిపాయ. మొదట సముద్రం పోయినది, తరువాత సరస్సు పోయినది. ఐసెల్‌మేర్ అన్న మాట ఆ ఊరిలో ప్రతి శనివారం వినబడుతున్నదంటే అది ఫుట్‌బాల్ మైదానంలో, ఎఱుపు చొక్కాలు వేసుకొన్న పిల్లల నోట. ఆ పిల్లలలో కొందరి తాతముత్తాతలు అదే నీటిమీద వలలు వేసినవారు.